రేబిస్ టీకా పరీక్షలో చిట్టెలుకలు: చావు దాకా ఆగకుండా ఎక్కడ ఆపాలి? ఒక కేస్ స్టడీ

మనుషులకు ఇచ్చే రేబిస్ టీకా ప్రతి బ్యాచ్ బలాన్నీ చిట్టెలుకల మీద పరీక్షించి చూడటం దశాబ్దాలుగా ఉన్న నియమం. దీన్ని మా వాళ్లంతా ఎన్‌ఐహెచ్ (అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల) పరీక్ష అంటారు. టీకాను అయిదింతల చొప్పున పలచన చేస్తూ పోయి, ఒక్కో డైల్యూషన్‌ను కనీసం 16 చిట్టెలుకలకు పొట్టలోకి అర మిల్లీలీటరు చొప్పున ఇస్తాం. వారం తర్వాత రెండో డోసు. మొదటి డోసు ఇచ్చిన 14వ రోజున మత్తు ఇచ్చి, సీవీఎస్ అనే ల్యాబ్ రేబిస్ వైరస్‌ను 0.03 మిల్లీలీటర్లు నేరుగా మెదడులోకి ఎక్కిస్తాం. అక్కణ్నుంచి మరో 14 రోజులు ఎన్ని బతికాయి, ఎన్ని చచ్చాయి అని లెక్క. బలం ముందే తెలిసిన రిఫరెన్స్ టీకాకు కూడా ఇదే తతంగం పక్కనే నడుస్తుంది. రెండింటినీ పోల్చి, డోసుకు 2.5 ఇంటర్నేషనల్ యూనిట్లకు తగ్గలేదని తేలితేనే బ్యాచ్ పాసవుతుంది.

నేను టీకాలు తయారుచేసే ఒక సంస్థ యానిమల్ హౌస్‌లో వెటర్నరీ డాక్టర్‌ని. పరీక్ష ఫలితం చెడకుండా, ఈ చిట్టెలుకలను చావు దాకా వదలకుండా ముందే ఆపడానికి, అంటే బాధ లేకుండా ప్రాణం తీయడానికి, మేం చేసిన పని గురించి రాస్తున్నాను. హైదరాబాద్ దగ్గరి జినోమ్ వ్యాలీలోనూ బయటా ఇలాంటి పరీక్షలు చేసే యానిమల్ హౌస్‌లు చాలా ఉన్నాయి కాబట్టి, ఎక్కడ ఇబ్బంది పడ్డామో అక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ పరీక్షలో కొన్ని చిట్టెలుకలకు రేబిస్ రావాల్సిందే. ఏ డైల్యూషన్ దగ్గర సగం జంతువులకు రక్షణ దొరుకుతుందో కనుక్కోవడమే దీని లెక్క. అన్నీ బతికినా, అన్నీ చచ్చినా అంకె రాదు. వైరస్ బలం ఎంతో కొలవడానికి, టీకా ఇవ్వకుండా వైరస్ మాత్రమే ఎక్కించే టైట్రేషన్ గ్రూపులు వేరే ఉంటాయి. అన్నీ కలిపితే ఒక్క పరీక్షకే వందకు పైగా చిట్టెలుకలు. పరీక్షే వద్దని నేను అనలేను. మా ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ కుక్క కాటు అనగానే బొడ్డు చుట్టూ 14 సూదుల గురించి చెబుతారు. అది గొర్రె మెదడుతో చేసిన పాత సెంపుల్ టీకా. 2005 నుంచి మన దేశంలో అది లేదు. ఇప్పటి టీకా దానికన్నా ఎంతో మెరుగైనది. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కు మందు లేదు కాబట్టి, టీకా సీసాలో బలం ఉందో లేదో ముందే తేలాలి. ఆ బలం తేలడానికి చిట్టెలుక ఆఖరి ఊపిరి వరకు బాధపడాల్సిన అవసరం ఉందా అన్నదే మా ప్రశ్న.

మొదట్లో మా అబ్జర్వేషన్ షీట్‌లో రెండే అక్షరాలు ఉండేవి. బతికుంటే ఎస్, చస్తే డి. ఈ రెండింటి మధ్య జరిగేదంతా కాగితం మీదకు వచ్చేది కాదు. వైరస్ మెదడులోకి వెళ్లాక మొదటి నాలుగు రోజులు చిట్టెలుక మామూలుగానే ఉంటుంది. ఆ రోజుల్లో ఏదైనా చస్తే సూది దెబ్బకో, మత్తు వల్లో అని లెక్కలోంచి తీసేస్తాం. అయిదో రోజు దాటాక అసలు జబ్బు బయటపడుతుంది. బొచ్చు రేగుతుంది, వీపు గూనిగా వంగుతుంది. ఆ తర్వాత నడక మందగిస్తుంది, చుట్టూ ఏం జరిగినా పట్టించుకోదు. కొన్ని ఒకే వైపు గుండ్రంగా తిరుగుతాయి. తర్వాత వణుకు, తూలుడు, మూర్ఛ. ఆ తర్వాత వెనక కాళ్లు పడిపోతాయి. కేజ్ పైనున్న నీళ్ల సీసా అందదు, హాపర్‌లోని (పైన వేలాడే మేత తొట్టిలోని) మేత అందదు. చివరికి పక్కకు ఒరిగి, ఒళ్లు చల్లబడి పోతుంది. కాళ్లు పడిపోయిన దగ్గర్నుంచి చావు దాకా ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. ఆ రోజంతా ఆ చిట్టెలుక మాకు కొత్తగా చెప్పేది ఏమీ లేదు.

చావును ముందుగా పసిగట్టే పని మా దగ్గర అప్పటికే జరుగుతోంది. మా సీనియర్ అటెండెంట్ ఉదయం కేజ్‌లు చూసి, "సార్, ఇది రేపటికి ఉండదు" అనేవాడు. ఆ మాట తప్పడం అరుదు. ఏం చూసి చెబుతున్నావని అడిగితే, "చెవులు వెనక్కి పోయాయి చూడండి సార్. చేతిలోకి తీసుకుంటే సన్నగా అదురుతోంది" అన్నాడు. ఈ కేసులో మేం చేసిందల్లా అతని కంటికి కనిపించేదాన్ని ఎవరు చూసినా ఒకేలా రాసేట్టు మార్చడం, అది నిజంగా ఎంతవరకు సరిపోతుందో లెక్కగట్టి చూడటం.

దీనికి దారి ముందే ఉంది. జబ్బుపడ్డ జంతువుల లక్షణాలకు మార్కులు వేసే పద్ధతిని 1985లో డేవిడ్ మోర్టన్, గ్రిఫిత్స్ ప్రతిపాదించారు. రేబిస్ టీకా పరీక్ష విషయానికొస్తే క్లాస్ కుస్లర్, మోర్టన్, కూన్రాడ్ హెండ్రిక్సన్ 1990ల్లోనే పనిచేశారు. నేను పైన చెప్పిన లక్షణాలనే అయిదు దశలుగా విడగొట్టారు. బొచ్చు రేగి వీపు వంగితే మొదటిది, మందకొడితనం, గుండ్రంగా తిరగడం రెండోది, వణుకు, మూర్ఛ మూడోది, పక్షవాతం నాలుగోది, కొన ఊపిరి అయిదోది. యూరప్‌లో మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథమైన యూరోపియన్ ఫార్మకోపియా కూడా ఈ దశలను తీసుకుంది. మూడో దశకు చేరిన చిట్టెలుక చావు తప్పించుకోదు కాబట్టి అక్కడ ఆపేయొచ్చన్నది వాళ్ల వాదన.

మరి మళ్లీ మేమెందుకు చూడాలి? మా చిట్టెలుకల స్టాక్ వేరు, మా వైరస్ స్టాక్ పాసేజ్ (ల్యాబ్‌లో ఎన్నిసార్లు పెంచుతూ వచ్చామన్నది) వేరు, చూసే కళ్లు వేరు. పైగా "ఎక్కడో రాశారు" అంటే మా క్వాలిటీ విభాగం ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడం సబబే, ఎందుకంటే బ్యాచ్ రిలీజ్ సంతకం వాళ్లది. అందుకని అదనంగా ఒక్క జంతువును కూడా వాడకుండా సాక్ష్యం పోగుచేయాలని అనుకున్నాం. మామూలుగా జరిగే పరీక్షల్లోని వైరస్ టైట్రేషన్ గ్రూపులు, రిఫరెన్స్ టీకా గ్రూపులు అప్పటికి అమల్లో ఉన్న ప్రోటోకాల్ ప్రకారం ఎలాగూ చివరిదాకా సాగుతున్నాయి. వాటి మీదే దశలు రాయడం మొదలుపెట్టాం. ప్రతి చిట్టెలుకకూ తోక మీద గుర్తు, విడివిడిగా ఒక వరుస, ఛాలెంజ్ (మెదడులోకి వైరస్ ఎక్కించడం) తర్వాత అయిదో రోజు నుంచి రోజుకు రెండుసార్లు దశ, ఒకసారి బరువు. ఎథిక్స్ కమిటీకి ఇది సవరణగా పెట్టాం. కమిటీలో సీసీఎస్‌ఈఏ (జంతువుల మీద ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ) తరఫు సభ్యుడు ఒకటే షరతు పెట్టారు. సాక్ష్యం సరిపోయిందని తేలిన మరుక్షణం చివరిదాకా వదలడం ఆపాలి, ఇంకొన్ని పరీక్షలు చూద్దామని లాగకూడదు అని. ఆ షరతు పెట్టినందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఇక కనిపించింది ఇది. మూడో దశ అని ఇద్దరు పరిశీలకులు ఒప్పుకున్న చిట్టెలుకల్లో ఒక్కటి కూడా కోలుకోలేదు. టీకా పడినవైనా, పడనివైనా అంతే. మూడో దశ నుంచి చావుకు మధ్య సాధారణంగా ఒక రోజు, కొన్నింటికి అంతకన్నా ఎక్కువ. మొదటి దశ మాత్రం అసలు నమ్మదగ్గది కాదు. బొచ్చు రేగడం జబ్బు వల్లే కావాలని లేదు. కేజ్‌లో కొట్లాట, బెడ్డింగ్ తడి, ఆ రోజు బరువు తూచిన హడావుడి, ఏదైనా చాలు. టీకా పడిన గ్రూపుల్లో ఒకటి రెండు రోజులు బొచ్చు రేగి, మళ్లీ మామూలైన చిట్టెలుకలు చాలానే ఉన్నాయి.

అసలు తగువంతా రెండో దశ దగ్గరే వచ్చింది. రిఫరెన్స్ టీకా మధ్య డైల్యూషన్‌లో ఒక చిట్టెలుక మందకొడిగా మారి, ఎడమ వైపుకే తిరగడం మొదలుపెట్టింది. బరువు కూడా తగ్గింది. మా అటెండెంట్‌తో సహా అందరం అది పోతుందనే అనుకున్నాం. పోలేదు. నెమ్మదిగా తిండి పట్టింది, బరువు పుంజుకుంది, పరీక్ష ముగిసే రోజుకు బతికే ఉంది. మెడ మాత్రం కొంచెం వంగే ఉంది. దాని మెదడు చూస్తే సూది దిగిన దారిలో పాత గాయం మచ్చ తప్ప ఫ్లోరోసెంట్ యాంటీబాడీ పరీక్షలో (వైరస్‌కు అంటుకుని మెరిసే యాంటీబాడీలతో చూసే పరీక్ష) రేబిస్ వైరస్ కనిపించలేదు. అది తిరిగింది రేబిస్ వల్ల కాదు, సూది గాయం వల్ల. రెండో దశలోనే ఆపే నియమం పెట్టుకుని ఉంటే దాన్ని చచ్చినదాని కింద రాసేవాళ్లం. 16 జంతువుల గ్రూపులో ఒకటి తప్పితే ఆ డైల్యూషన్‌లో 6 శాతానికి పైగా అటు నుంచి ఇటు మారిపోతుంది. మంచి బ్యాచ్ ఫెయిలైతే పరీక్ష మళ్లీ చేయాలి, అంటే మళ్లీ వందకు పైగా చిట్టెలుకలు. జాలితో తొందరపడితే ఆ ఖరీదు ఇంకో కేజ్‌లోని జంతువులు చెల్లిస్తాయి. జంతువును చావు దాకా వదలకుండా ఆపే ఈ గీతను హ్యూమేన్ ఎండ్‌పాయింట్ అంటారు. అంటే వీలైనంత త్వరగా చంపడమని అనుకునేవాళ్లకు ఈ కేసు చెప్పాలనిపిస్తుంది. ఇక మీదట చూడబోయేది ఫలితాన్ని మార్చదని తేలిన మొదటి క్షణాన్ని పట్టుకోవడమే దాని అర్థం.

దీన్నిబట్టి నియమం ఇలా కుదిరింది. మూడో దశ గుర్తు ఒక్కటి స్పష్టంగా కనిపించి, శిక్షణ పొందిన రెండో మనిషి కూడా చూసి ఒప్పుకుంటే, అప్పుడే యుథనేషియా (బాధ లేకుండా ప్రాణం తీయడం). రాత్రయినా, సెలవైనా మర్నాటికి వాయిదా ఉండదు. రెండో దశలో ఉండి, వరుసగా రెండు రోజులు బరువు తగ్గిందంటే వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్. ఆ చిట్టెలుక కేజ్‌లో తడిపిన మేత నేల మీదే పెట్టాలి, పొడవు ముక్కున్న నీళ్ల సీసా అమర్చాలి. అయిదో రోజుకు ముందే సూది గాయంతో బాధపడుతున్నదాన్ని లెక్కలోంచి ఎలాగూ తీసేస్తాం కాబట్టి, దాన్ని బాధ పడనివ్వకుండా అప్పుడే ఆపాలి.

బరువు గురించి ఒక మాట. పెద్ద చిట్టెలుకల్లో "20 శాతం తగ్గితే ఆపేయండి" అనే గీత చాలా ప్రోటోకాల్స్‌లో ఉంటుంది. మావి ఎదిగే వయసువి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల రోజురోజుకూ పెరుగుతుంటే, జబ్బుపడ్డది అక్కడే ఆగిపోతుంది. ఛాలెంజ్ నాటి బరువుతో పోలిస్తే తగ్గినట్టే కనిపించదు. తోటి ఆరోగ్యవంతమైన చిట్టెలుకల సగటుతో పోలిస్తేనే తేడా తెలుస్తుంది. అందుకే షీట్‌లో రెండు పోలికలూ పెట్టాం. అయినా బరువు ఒక్కదాన్నే చూసి ఎవరినీ తీయం.

ఒంటి వేడి ఎందుకు కొలవలేదని చాలామంది అడుగుతారు. బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లలో అది చాలా మంచి సూచన. ఇలాంటి చిన్న జంతువు తీవ్రంగా జబ్బుపడితే జ్వరం కన్నా ఒళ్లు చల్లబడటమే ఎక్కువ. చావుకు బదులు ఒళ్లు చల్లబడటాన్నే లెక్కగా తీసుకోవచ్చని మోర్టన్ బృందం 1992లోనే చూపించింది. ముసలి చిట్టెలుకల్లో వేడి, బరువు రెండూ కలిపి చూస్తే దగ్గరపడ్డ చావును గుర్తుపట్టవచ్చని లిండా టోత్ బృందం 2010 ప్రాంతంలో రాసింది. సెప్సిస్ (ఒళ్లంతా పాకే తీవ్ర ఇన్‌ఫెక్షన్) మోడల్స్ చేసేవాళ్లకు నేను మొదట చెప్పేది కూడా థర్మామీటర్ కొనమనే. మా పరీక్షలో మాత్రం వణుకు వచ్చేటప్పటికి వేడి ఇంకా పెద్దగా పడదు. అది బాగా పడేది కాళ్లు పడిపోయాక. అంటే చూపుతో దొరికేదానికన్నా ఆలస్యంగా వచ్చే సమాచారం. పైగా రేబిస్ చిట్టెలుకను పట్టుకుని మలద్వారంలో ప్రోబ్ పెట్టడమంటే అటెండెంట్ చేతికి కాటు ప్రమాదం, జంతువుకు అదనపు బాధ. మేత అందని చిట్టెలుక రాత్రిపూట టార్పర్‌లోకి (శక్తి ఆదా చేసుకునే మగత స్థితిలోకి) వెళ్లి తాత్కాలికంగా చల్లబడటం ఇంకో చిక్కు. ఒక జబ్బులో చావును చెప్పే గుర్తు ఇంకో జబ్బులో చెప్పాలని లేదు.

నియమం రాయడం కన్నా దాన్ని నడపడం కష్టం. చిట్టెలుక ఇంకో జంతువుకు ఆహారమయ్యే జీవి. మనిషి ఎదుట నీరసం దాచేస్తుంది. కేజ్ తీసి తోక పట్టి లేపితే ఎంత జబ్బుదైనా ఒక్క క్షణం చురుగ్గా కనిపిస్తుంది. అందుకే ముందు కేజ్ కదపకుండా నిమిషం పాటు చూడాలి, ఆ తర్వాతే మూత తీయాలి. తోక పట్టుకోవడం మానేసి, పారదర్శకమైన చిన్న గొట్టంలోకి నడిపించి బయటికి వదలడం నేర్పించాం. తోక పట్టి లేపడం చిట్టెలుకల్లో భయాన్ని పెంచుతుందని జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ 2010లో చూపించారు. మాకు ఇంకో లాభం కూడా దొరికింది. గొట్టంలోంచి బయటికి అడుగు పెట్టే ఆ రెండు మూడు సెకన్లలో తూలుడు, వెనక కాళ్ల ఈడ్పు స్పష్టంగా బయటపడతాయి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి రాత్రి. ఉదయం తొమ్మిదికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి చూస్తే మధ్యలో 17 గంటల ఖాళీ. చిట్టెలుక రాత్రి తిరిగే జీవి. లక్షణాలు బాగా కనిపించేదీ, ఎక్కువ చచ్చేదీ ఆ ఖాళీలోనే. ఉదయం వచ్చేసరికి చచ్చి పడి ఉన్నవి, పక్కనున్నవి కొంత తినేసినవి కనిపించేవి. అయిదో రోజు నుంచి పదో రోజు వరకు రాత్రి పది గంటలకు ఎర్ర లైట్ వెలుగులో మూడో రౌండ్ కావాలని అడిగాను. ఎర్ర వెలుగు చిట్టెలుకలకు అంతగా కనపడదు. ఓవర్‌టైమ్, రాత్రిపూట బయోసేఫ్టీ, ఇద్దరు మనుషులు, అందరికీ రేబిస్ టీకా పడి యాంటీబాడీ మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు పైన ఉండాలన్న షరతు. ఇవన్నీ చూసి మేనేజ్‌మెంట్ మొదట ఒప్పుకోలేదు. వాళ్లను కదిలించింది మెదడు శాంపిల్.

అనుమానం వచ్చిన జంతువు మెదడును ఫ్లోరోసెంట్ యాంటీబాడీతో చూసి రేబిస్ అని ఖరారు చేస్తాం. రాత్రంతా వెచ్చని కేజ్‌లో ఉండిపోయిన శవం మెదడు మెత్తబడి స్లైడ్ సరిగ్గా రాదు. తినేసిన తలలో అసలు మెదడే ఉండదు. మూడో దశలో ఆపిన చిట్టెలుక నుంచి తాజా మెదడు వస్తుంది, స్లైడ్ మీద అనుమానం మిగలదు. బాధ తగ్గించడానికి పెట్టిన నియమం పరీక్ష నాణ్యతను కూడా పెంచిందని క్వాలిటీ విభాగానికి కాగితం మీద కనిపించిన రోజు రోస్టర్ మీద సంతకం పడింది.

ఆడిట్‌లో ఎదురైన ప్రశ్న వేరు. "మీరు చంపినదాన్ని చచ్చిందని ఎలా రాస్తారు?" సరైన ప్రశ్నే. అందుకే చావు అని రాయం. హెచ్‌ఈ (హ్యూమేన్ ఎండ్‌పాయింట్) అని వేరే గుర్తు పెడతాం. పక్కనే ఏ గుర్తు చూసి, ఎన్నింటికి, ఎవరెవరు ఒప్పుకున్నారో ఉంటుంది. లెక్కలో మాత్రం రేబిస్‌తో పోయినదానితో సమానంగా తీసుకుంటాం, ఆ సంగతి పద్ధతిలోనే ముందుగా రాసి ఉంటుంది. రిఫరెన్స్ టీకా ఫలితాలు పాత కంట్రోల్ చార్ట్ హద్దుల్లోనే వస్తున్నాయి. చట్టం సంగతి అడిగితే, జంతుహింస నిరోధక చట్టం 1960, 17వ సెక్షన్ ప్రయోగాలను తగిన శ్రద్ధతో, దయతో చేయాలంటుంది. దయ అనే మాట చట్టంలో ఉన్నప్పుడు దానికి షీట్‌లో ఒక గడి ఉండాలి కదా.

ఈ పద్ధతి పనిచేస్తోందో లేదో చూడటానికి నేను ఇప్పుడు ప్రతి పరీక్ష తర్వాత ఒకే ఒక్క అంకె చూస్తాను. అయిదో రోజు తర్వాత "చచ్చి కనిపించినవి" ఎన్ని? అలా కనిపించిన ప్రతి చిట్టెలుకా మేం గుర్తుపట్టలేకపోయినదే. మూడో రౌండ్ వచ్చాక అవి బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. మూర్ఛ వచ్చి గంటల్లోనే పోయేవి కొన్ని ఉంటాయి, రెండు రౌండ్ల మధ్య చేజారిపోతాయి. యుథనేషియాకు నెమ్మదిగా నింపే కార్బన్ డయాక్సైడ్ వాడుతున్నాం. ఏవీఎంఏ (అమెరికా పశువైద్యుల సంఘం) 2020 గైడ్‌లైన్స్ చెప్పినట్టు నిమిషానికి ఛాంబర్ పరిమాణంలో 30 నుంచి 70 శాతం చొప్పున, వీలైనంతవరకు దాని సొంత కేజ్‌లోనే.

మూడో దశ కూడా బాధే. వణుకుతూ తూలే చిట్టెలుక హాయిగా ఉందని ఎవరూ అనలేరు. ఆ దశ కూడా రాకుండా చేయాలంటే వైరస్ ఎక్కించడమే మానాలి. పశువుల రేబిస్ టీకాకు యూరప్‌లో ఇప్పటికే ఆ పని జరిగింది. చిట్టెలుకకు టీకా ఇచ్చి, రక్తంలో యాంటీబాడీలు కొలిచి వదిలేస్తారు, ఛాలెంజ్ ఉండదు. మనుషుల టీకాలో అయితే జంతువే లేకుండా, వైరస్ పైపొరలోని గ్లైకోప్రొటీన్‌ను ఎలైజాతో (యాంటీబాడీలతో ప్రొటీన్‌ను కొలిచే ల్యాబ్ పరీక్ష) కొలిచే దారి ఉంది. మనుషుల టీకాలో సాధారణంగా అడ్జువెంట్ (టీకా ప్రభావం పెంచడానికి కలిపే పదార్థం) ఉండదు కాబట్టి ఆ కొలత తేలిక. మా ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌కూ చిట్టెలుకల పరీక్షతో పాటు ఎలైజా కూడా చేసి రెండు అంకెలనూ పక్కపక్కన పెడుతున్నాం. కావాలని వేడిచేసి బలం తగ్గించిన శాంపిళ్లను కూడా కలిపాం, ఎందుకంటే చెడ్డ టీకాను పట్టుకోగలదని చూపించకపోతే రెగ్యులేటర్ ఎలైజాను నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఇదే పరీక్ష చేసే మిగతా యానిమల్ హౌస్‌ల వాళ్లకు చెప్పేదేమిటంటే, దీనికి కొత్త ప్రాజెక్ట్ రాయక్కర్లేదు, కొత్త జంతువులు కొనక్కర్లేదు. వచ్చే పరీక్షలో టైట్రేషన్ గ్రూపు షీట్‌కు దశల గడి ఒకటి, బరువు గడి ఒకటి కలపండి. ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టేటప్పుడు ఎప్పుడు ఆపేస్తారో కూడా ముందే రాయండి. ఎక్కువకాలంగా కేజ్‌లు చూస్తున్న అటెండెంట్‌ను ఆ మీటింగ్‌లో కూర్చోబెట్టండి.